జాంబీ రెడ్డికి మనుషులెంతమంది?

2021 ఫిబ్రవరిలో ‘జాంబీ రెడ్డి’ని అనంతపురంలో చూశాను, మా చిన్నాయనతో కలిసి. అప్పటికి పదకొండు నెలలుగా ఇంటి దగ్గర్నుంచే పని. బెంగళూరులో గది ఖాళీ చేసి, మానిటర్‌ను దుప్పట్లో చుట్టి బస్సు డిక్కీలో వేసుకుని, ధర్మవరం అవతల మా ఊరికి చేరినవాణ్ణి. పొద్దున పది గంటల స్టాండప్ మీటింగ్‌లో మైకు ఆన్ చేస్తే నా గొంతు కంటే ముందు మేకలు వినపడేవి. థియేటర్లు తెరిచారని తెలియగానే, ఏ సినిమా అయినా సరే, ఎవరొస్తే వాళ్ళను బండెక్కించుకుని పోదామనిపించింది. చిన్నాయన వచ్చాడు.

పోస్టర్ ముందు నిలబడి అడిగాడు: “జాంబీ అనేది యాడుందిరా? కర్నూలు పక్కనా?”

“ఊరు కాదు చిన్నాయనా. జాంబీ అంటే చచ్చి లేసినోడు. కరుస్తాడు. కరిపించుకున్నోడు కూడా అట్లే అయితాడు.”

“రెడ్డి చచ్చి లేసేదా? శానా సినిమాల్లో లేసినాడు గదా!”

ఆయన నవ్వించడానికే అన్నాడు. నేను మాత్రం నాలుగేళ్ళుగా ఆ మాటనే పట్టుకుని వేలాడుతున్నాను. ఈ వ్యాసమంతా దానికి వివరణే అనుకోండి.

‘జాంబీ రెడ్డి’ వచ్చినప్పుడు అందరూ తెలుగులో కొత్త రకం సినిమా అన్నారు. కాదనను. ప్రశాంత్ వర్మ అంతకుముందు ‘అ!’, ‘కల్కి’ తీసినవాడు, కొత్తది పట్టుకోవాలన్న తహతహ ఉన్నవాడు. కానీ థియేటర్లో నాకు కనిపించింది మొదటి భాగం కాదు. అప్పటికే పాతికేళ్ళుగా నడిచి, అలిసిపోయి, పక్కకి ఒరిగిపోయిన ఒక సిరీస్‌కి హారర్ సీక్వెల్. ఆ సిరీస్ పేరు ఫ్యాక్షన్ సినిమా.

సిరీస్ అని ఎవరూ పిలవలేదు గానీ దాని లక్షణాలన్నీ ఉన్నాయి. 1997లో ‘ప్రేమించుకుందాం రా’తో బీజం పడింది. అందులో ఫ్యాక్షన్ ప్రేమకథకు అడ్డంకి మాత్రమే. 1999 సంక్రాంతికి ‘సమరసింహారెడ్డి’ ఆ అడ్డంకినే తెచ్చి నడిమధ్యన కూర్చోబెట్టింది. తర్వాత 2001లో ‘నరసింహనాయుడు’, 2002లో ‘ఆది’, ‘ఇంద్ర’, ‘చెన్నకేశవరెడ్డి’. ‘సమరసింహారెడ్డి’, ‘నరసింహనాయుడు’, ‘ఇంద్ర’ మూడింటికీ దర్శకుడు బి.గోపాలే. హీరో మారినా, ఊరి పేరు మారినా, లోపల నియమాలు మారలేదు. ఎక్కడో దూరంగా మామూలు మనిషిలా బతుకుతున్న హీరోకి ఒక గతం ఉంటుంది. ఆ గతంలో తెల్లచొక్కాలుంటాయి, సుమోలుంటాయి, నరికిన చేతులుంటాయి. పగ ఒకరి నుంచి ఇంకొకరికి పాకుతుంది. పాకినవాడికి ఇక తన ఇష్టమంటూ ఏమీ మిగలదు.

చివరి రెండు వాక్యాల్లో పగ అన్న చోట కాటు అని పెట్టి చదవండి. జార్జ్ రొమేరో 1968లో ‘నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్’తో స్థిరపరిచిన సూత్రానికి ఇది ఎంతో దూరంలో లేదు.

ఏ సిరీస్ అయినా క్షీణించే పద్ధతి ఒకటే. మొదట సంఖ్యలు పెరుగుతాయి. రెండు సుమోలు పది అవుతాయి, పది ఇరవై అవుతాయి, అవి గాల్లోకి లేస్తాయి. తొడ కొడితే చాలనే దశ వస్తుంది. ఆ తర్వాత పేరడీలు మొదలవుతాయి. ప్రేక్షకుడు భయపడాల్సిన చోట నవ్వడం మొదలుపెట్టాక ఇక ఆ నియమాలతో బుద్ధిమంతులు మాత్రమే పని చేయించుకోగలరు. 2010లో రాజమౌళి ‘మర్యాద రామన్న’లో అదే చేశాడు. బస్టర్ కీటన్ 1923 నాటి మూకీ ‘అవర్ హాస్పిటాలిటీ’ కథను సీమ గడప మీదకు తెచ్చి, గడప లోపల నెత్తురు పారకూడదు అన్న ఒక్క నియమంతో సినిమా అంతా నడిపాడు. 2018లో త్రివిక్రమ్ ‘అరవింద సమేత’లో పగకు మూలం పేకాటలో ఐదు రూపాయలని చెప్పి, ఆపడం ఎలా అని అడిగాడు. రెండూ మంచి సినిమాలే. కానీ ఒకటి ఫ్యాక్షన్‌ని చూసి నవ్వింది, ఇంకొకటి దానికి సంతాపసభ పెట్టింది. మళ్ళీ భయపెట్టింది మాత్రం ‘జాంబీ రెడ్డి’యే, అదీ ఒక అరగంట సేపు.

కథ క్లుప్తంగా. మర్రి ఓబుల్ రెడ్డి, ముద్దుగా మారియో, హైదరాబాద్‌లో స్నేహితులతో కలిసి వీడియో గేమ్ తయారు చేస్తాడు. గేమ్‌లో ఒక తప్పు బయటపడుతుంది. దాన్ని సరిచేయగలిగిన స్నేహితుడు పెళ్ళి చేసుకోవడానికి కర్నూలు వైపు పోయాడు. వీళ్ళు కారేసుకుని వెనకే పోతారు. దారిలో ఒకణ్ణి ఏదో కరుస్తుంది. (కోడ్ తెలిసినవాడు ఒక్కడే ఉండటం, వాడు పెళ్ళి సెలవు మీద పోవడం, ప్రొడక్షన్‌లో బగ్ ఉండటం: నా ఉద్యోగంలో ఉన్నవాళ్ళకు ఈ సినిమాలో అసలు హారర్ ఇదే. జాంబీలు తర్వాత.) పెళ్ళివారిది ఫ్యాక్షన్ కుటుంబం. వీళ్ళకో పగవాడు. కొడవళ్ళు సిద్ధంగానే ఉన్నాయి. అక్కడికి కాటు చేరుతుంది.

మారియోగా చేసిన తేజ సజ్జాకి ఇది హీరోగా మొదటి సినిమా. కానీ తెరకి కొత్తవాడు కాదు. ‘ఇంద్ర’లో చిన్నప్పటి ఇంద్రసేనారెడ్డి ఆ పిల్లవాడే. ఈ సంగతి గుర్తొచ్చినప్పుడు నాకు నిజంగా ఒళ్ళు జలదరించింది. పందొమ్మిదేళ్ళ కింద ఆ సిరీస్‌లో పగకు వారసుడిగా నిలబెట్టిన పిల్లవాడు పెద్దవాడై, ఆటలు తయారుచేసే ఉద్యోగంలో చేరి, పగతో తనకేం సంబంధం లేదన్నట్టు కారు నడుపుకుంటూ సీమలోకి వస్తాడు. దర్శకుడు ఇది ఆలోచించే ఎంచుకున్నాడా అన్నది నాకు ముఖ్యం కాదు. తెర మీద ఆ అర్థం ఉంది.

ఇంటర్వెల్‌లో ఎగ్ పఫ్ తింటూ చిన్నాయన అన్న మాట ఇప్పుడు చెప్పాలి. అందరూ “జాంబీలు ఎంత బాగా చేశారు” అనుకుంటూ నడుస్తున్నారు. ఆయన ఉన్నట్టుండి, “మేమూ గింతే గదరా” అన్నాడు. అర్థం కాలేదన్నట్టు చూశాను. “మమ్మల్ని గూడా పేరు పెట్టి ఎవురు పిలిచిరి? మనుషులు అంటాండ్రి. ఎంతమంది మనుషులు ఉండారు, ఎంతమంది మనుషుల్ని పంపాల. అంతే.”

సీమ బయటివాళ్ళకు ఇది కొంచెం విప్పి చెప్పాలి. మా దిక్కు “ఆయనకు మనుషులున్నారు” అంటే ఆయనకు బంధువులున్నారని కాదు, మానవత్వం ఉందని అసలే కాదు. ఆయన పిలిస్తే కట్టెలు, కొడవళ్ళు పట్టుకుని వచ్చేవాళ్ళున్నారని. “వాడు ఫలానా ఆయన మనిషి” అంటే వాడి కులం, ఊరు, పెండ్లాం బిడ్డలు అన్నీ పక్కకు పోయి, ఆ ఒక్క చుట్టరికమే మిగిలిందని. ప్రపంచమంతా జాంబీ కథల్లో మనిషి మనిషితనం పోగొట్టుకుని గుంపులో కలుస్తాడు. మా భాషలో గుంపులో కలిసినవాణ్ణే మనిషి అంటారు.

ఇక్కడే జాంబీ చరిత్ర పనికొస్తుంది. రొమేరో కంటే ముందు జాంబీ కరిచేది కాదు. ఆ నమ్మకం పుట్టింది హైతీలో, చెరకు తోటల బానిసల మధ్య. చచ్చాక కూడా యజమాని లేపి పని చేయించుకుంటాడేమోనన్నదే వాళ్ళ భయం. 1932లో వచ్చిన ‘వైట్ జాంబీ’లో చచ్చినవాళ్ళు చక్కెర మిల్లులో గానుగ తిప్పుతుంటారు, వాళ్ళను లేపిన మంత్రగాడు బెలా లుగోసి. ఆ జాంబీకి యజమాని ఉన్నాడు. రొమేరో చేసిన పెద్ద మార్పు, కాటు కన్నా కూడా, యజమానిని తీసేయడం. ఆయన గుంపు ఎవరి మాటా వినదు.

ఫ్యాక్షన్ సినిమాలో సుమోల్లోంచి దూకే తెల్లచొక్కాలవాళ్ళు హైతీ రకం. యజమాని చూపుడువేలు ఎటు తిరిగితే అటు పరిగెత్తుతారు. ముఖాలుండవు, మాటలుండవు. చచ్చినప్పుడు కెమెరా ఆగదు. హీరో తండ్రి చనిపోతే పాట, హీరో తండ్రిని కాపాడబోయి చనిపోయిన పదిమందికి ఒక్క షాట్. ‘జాంబీ రెడ్డి’లో రెండు వర్గాలూ ఎదురెదురుగా నిలబడిన చోట కాటు పాకగానే అరగంట సేపు జరిగింది ఏమిటంటే, ఈ గుంపుకి యజమాని లేకుండా పోయాడు. ఎవడు ఎవడి మనిషో తెలియదు. తనవాడు తనవాణ్ణే కరుస్తున్నాడు. అప్పటిదాకా చెయ్యి ఊపితే చాలు మంది కదిలిన పెద్దమనిషి, తన మంది నుంచే పరిగెత్తుతున్నాడు. థియేటర్లో అందరూ విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను. చిన్నాయన నవ్వలేదని చెబితే కథ బాగుంటుంది గానీ, ఆయన అందరికంటే ఎక్కువ నవ్వాడు.

ఆయన సంగతి ఇంకొంచెం చెప్తాను, లేకపోతే ఈ విమర్శ ఎక్కడ నిలబడి రాస్తున్నానో మీకు తెలియదు.

తొంభైల చివర్లో చిన్నాయన ఒక నాయకుడి మనిషి. పేరు అక్కర్లేదు. సినిమాల్లో అయితే ఇలాంటివాడు రుణం తీర్చుకోవడానికో, ఉప్పు తిన్న విశ్వాసంతోనో చేరతాడు. మా చిన్నాయన చేరింది మూడో బోరు ఎండిపోయాక. అనంతపురానికి పడమటి కనుమల అడ్డంతో నైరుతి వానలు సగం రావు, బంగాళాఖాతం దూరం కాబట్టి ఈశాన్య వానలు మిగతా సగం రావు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల, అది కూడా అవసరమైనప్పుడు పడదు. జైసల్మేర్ తర్వాత దేశంలో అంత తక్కువ వాన మాదేనని బళ్ళో చదివించేవారు, ఏదో పతకం వచ్చినట్టు. ఎర్రనేలలో శెనక్కాయ తప్ప ఇంకోటి నిలబడదు, ఆ శెనక్కాయ కూడా ఊడలు దిగే సమయానికి ఒక్క వాన తప్పితే పోతుంది. అలాంటప్పుడు మగవాడికి మూడు దారులు. బెంగళూరుకో కేరళకో కూలికి పోవడం, అప్పు చేసి నాలుగో బోరు వేయడం, ఎవరో ఒకరి మనిషి కావడం. మూడోదానికి తిండీ, బండీ ఉండేవి. కాంట్రాక్టులున్న పెద్దమనిషి వెంట తిరిగితే పండక్కి చేతిలో ఏదో పడేది.

ఈ కరువు ఫ్యాక్షన్ సినిమాలో కనబడదు. నేను గుర్తు తెచ్చుకోవడానికి చాలా ప్రయత్నించాను. ఎండిన చేను వెనకాల దృశ్యంగా ఉంటుంది, దుమ్ము లేస్తుంది, సుమోలు బాగా కనిపిస్తాయి. ఒక మనిషి ఎందుకు మనిషి అయ్యాడో చెప్పే ఒక్క సన్నివేశం లేదు. అది సాహిత్యానికి వదిలేశారు. ‘జాంబీ రెడ్డి’ విడుదలైన నెలలోనే, అనంత కరువు రైతును జీవితమంతా కథల్లో రాసిన సింగమనేని నారాయణ అనంతపురంలో కన్నుమూశారు. ఆ సినిమాకీ ఆయనకీ సంబంధం లేదు. ఒకే ఊళ్ళో, ఒకే నెలలో, సీమ గురించి రెండు రకాల జ్ఞాపకాలు పక్కపక్కనే ఉండి ఒకదాన్నొకటి చూసుకోలేదన్న బాధ నాది.

మా జిల్లా కథనే తీసిన సినిమా ఒకటుందంటారా, రాంగోపాల్ వర్మ ‘రక్తచరిత్ర’. 2010లో రెండు భాగాలూ రెండు నెలల లోపే వచ్చాయి. దానికి ఆధారం పరిటాల రవి జీవితం, హత్య. ఆయన్ని చంపిన 2005 జనవరి 24న నేను ఇంటర్ విద్యార్థిని. బస్సులు తగలబడుతున్నాయని విని, హాస్టల్ గేటుకి తాళం వేశారు. అందరూ ఎవరు చంపారన్న చర్చలో ఉంటే నేను చిన్నాయన ఎక్కడున్నాడోనన్న భయంలో ఉన్నాను, ఎందుకంటే అట్లాంటి రోజున పెద్దవాళ్ళ లెక్కలు చిన్నవాళ్ళ మీద తీర్చుకుంటారు. వర్మ సినిమాలో ఆ భయం లేదు. కొడుకులున్నారు, తండ్రుల శవాలున్నాయి, ఎర్రటి తెర ఉంది, వ్యాఖ్యానం ఉంది. మనుషులు మళ్ళీ వెనక వరసలోనే.

ఇంకో మాట కూడా చెప్పేస్తాను. 2006లో నా ఇంజినీరింగ్ మొదటి ఏడాది ఫీజు కట్టింది చిన్నాయన. దినపత్రికలో చుట్టిన నోట్లు. అప్పటికి ఆయన ఆ పని మానేసి ఏడాది దాటిందన్నారు ఇంట్లో. నేను లెక్కపెట్టుకుని తీసుకున్నాను, ఎక్కడివని అడగలేదు. కాబట్టి ఈ సిరీస్‌ని బయటినుంచి చూసే విమర్శకుణ్ణి కాను. దాని కలెక్షన్లలో నాకూ వాటా ఉంది.

అందుకే ‘జాంబీ రెడ్డి’ రెండో సగం నన్ను నిరాశపరిచింది. యజమాని లేని గుంపు అనే భయంకరమైన సంగతిని దొరకబుచ్చుకుని, సినిమా దాన్ని అక్కడే వదిలేసింది. మారియో ఆటలు తయారుచేసేవాడు గనక జాంబీలను ఆటలో లెవెల్స్ లాగా దాటుకుంటూ పోతాడు. ఒక్కొక్కణ్ణి కొట్టడం ఒక్కో పాయింటు. పది నిమిషాల కింద పెళ్ళిలో వడ్డిస్తున్నవాడు, గేటు దగ్గర కాపలా ఉన్నవాడు ఇప్పుడు పాయింటు. చివరికి అందరూ గుడికి చేరతారు, కథ దేవుడి వైపు తిరుగుతుంది. సీమలో ఏ కథైనా గుడి దగ్గరికి చేరడం సహజమే, దానికి నా అభ్యంతరం లేదు. ఆ దారి పొడుగునా పడినవాళ్ళ పేర్లు ఎవరూ అడగలేదన్నదే అభ్యంతరం. ఫ్యాక్షన్ సినిమా ఎక్కడ తప్పు చేసిందో ఈ సినిమా కూడా సరిగ్గా అక్కడే తప్పు చేసింది. కొత్త ఇంజనులో పాత బగ్.

కామెడీ కాబట్టి అంత అడగకూడదని ఒక మిత్రుడన్నాడు. కామెడీ అడ్డమని నేననుకోను. 2013లో వచ్చిన హిందీ ‘గో గోవా గాన్’ కూడా కామెడీయే. దాన్ని తీసిన రాజ్, డీకే ఇద్దరూ తిరుపతి, చిత్తూరు వైపువాళ్ళు, పైగా అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసినవాళ్ళు. (మా వృత్తిలో ఏదో ఉంది. మీటింగుల్లో కూర్చుని కూర్చుని జాంబీలు సులభంగా ఊహకొస్తాయేమో.) అందులో గుంపు ఎవరో కాదు, ఒక్క రాత్రి పార్టీకి వచ్చి మత్తుమాత్ర మింగిన కుర్రాళ్ళు. వాళ్ళు ఎందుకు జాంబీలయ్యారో సినిమాకి తెలుసు. అంత చాలు.

ఇప్పుడు మధ్యలో బెంగళూరుకి రావాలి. 2025 జూన్‌లో అక్కడి మల్టీప్లెక్స్‌లో ‘28 ఇయర్స్ లేటర్’ చూశాను. ఆ సిరీస్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. 2002లో డానీ బాయిల్, అలెక్స్ గార్లండ్ కలిసి ‘28 డేస్ లేటర్’ తీసి, పరిగెత్తే జాంబీలను ప్రపంచం మీదకు వదిలారు. (అవి జాంబీలు కావు, బతికే ఉన్న రోగులు అని వాదించే అభిమానులకు నమస్కారం.) 2007లో వేరే దర్శకుడితో ‘28 వీక్స్ లేటర్’ వచ్చింది. మొదటి పది నిమిషాలు తప్ప నాకేమీ మిగల్లేదు. తర్వాత పద్దెనిమిదేళ్ళు చప్పుడు లేదు. ఈలోగా ‘ద వాకింగ్ డెడ్’ పదకొండు సీజన్ల పాటు నడిచి, జాంబీ అంటేనే ఆవులింత వచ్చేలా చేసింది. అంటే మన 2003 తర్వాతి సుమోల పరిస్థితి.

ఆ ఆవులింత నుంచి బాయిల్ ఎలా లేపాడు? ఐఫోన్లతో తీశాడు, గుంపులకు ‘ఆల్ఫా’లనే నాయకుల్ని పెట్టాడు, అవి సరే. నన్ను కూర్చోబెట్టింది వేరే. (ఇక్కడినుంచి ఒక పేరా, సినిమా చూడనివాళ్ళు దాటేయండి.) స్పైక్ అనే పన్నెండేళ్ళ పిల్లవాడు, జబ్బుపడిన తల్లిని తీసుకుని డాక్టర్ కెల్సన్ అనే ఆయన్ని వెతుక్కుంటూ పోతాడు. రేఫ్ ఫైన్స్ వేసిన ఆ పాత్ర ఒళ్ళంతా అయోడిన్ పూసుకుని, అడవిలో ఎముకలతో స్తంభాలు, పుర్రెలతో గోపురం కట్టుకుంటూ ఉంటాడు. ఊళ్ళో అందరూ ఆయన్ని పిచ్చివాడంటారు. కానీ ఆయన చేసే పని ఒక్కటే. చచ్చినవాళ్ళను ఒక్కొక్కరిగా శుభ్రం చేసి, నిలబెడతాడు. రోగమొచ్చి కరిచినవాడి పుర్రె, కాటుకు బలైనవాడి పుర్రె పక్కపక్కనే. చివరికి తల్లి పుర్రె కూడా అక్కడికే చేరుతుంది, పిల్లవాడే పైకెక్కి పెడతాడు. ఆఖర్లో ఆ ట్రాక్ సూట్ల గ్యాంగు దూకడం నాకు నచ్చలేదు, వేరే సినిమా ట్రెయిలర్ పొరపాటున అతికించినట్టుంది. అయినా పర్లేదు. గుంపుని పెంచడం మానేసి గుంపులో ఒక్కొక్కరినీ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు బాయిల్. సిరీస్ లేచి కూర్చుంది.

థియేటర్లో ఆ గోపురం చూస్తుంటే నాకు మా ఊరి వీరగల్లు గుర్తొచ్చింది. చెరువుకట్ట మీద, కత్తి పట్టిన మనిషి చెక్కిన రాయి. చెరువులో నీళ్ళు నేను పుట్టాక నిండింది బహుశా మూడు సార్లు. ఆ రాతి మీద అక్షరాలు అరిగిపోయాయి. చిన్నప్పుడు దాన్ని వికెట్లుగా వాడుకునేవాళ్ళం. సీమలో ఇలాంటివి చాలా ఊళ్ళలో ఉన్నాయి. పశువుల కోసమో, ఊరి కోసమో, ఏదో పోరులో పడిపోయిన మామూలువాడికి కూడా అప్పట్లో ఒక రాయి పాతేవారు. మా కాలంలో నాయకులకు కూడళ్ళలో విగ్రహాలున్నాయి, వర్ధంతులున్నాయి. మనుషులకు రాళ్ళు లేవు. వాళ్ళ పేర్లు పాత ఎఫ్‌ఐఆర్‌లలో ఉంటాయి, అది కూడా ముద్దాయిల వరసలోనో మృతుల వరసలోనో. కొందరివి రెండింటిలోనూ.

‘జాంబీ రెడ్డి’కి రెండో భాగం ప్రకటించారు. ‘హనుమాన్’, ‘మిరాయ్’ తర్వాత తేజ స్థాయి వేరు కాబట్టి అది చాలా పెద్దదిగా ఉంటుందని, సీమ దాటి ప్రపంచం మీదకు పోతుందని ఊహాగానాలు. పోనివ్వండి. కానీ పోయేముందు ఒక్క పూట మా దిక్కు ఆగితే బాగుండు. కర్నూలు కొండారెడ్డి బురుజు దాకా వచ్చి వెనక్కి తిరిగే సినిమాలకు అనంతపురం ఇంకో రెండు గంటల దూరమే. ఎండిన పెన్న ఇసుకలో జాంబీలు నడిస్తే ఎలా ఉంటుందో ఎవరూ తీయలేదు. వెయ్యి అడుగుల లోతుకు దింపిన బోరు కేసింగు పక్కన నిలబడి, ఏం కావాలో మరిచిపోయి, కిందికి చూస్తున్న ఒక జాంబీని నేను ఊహించగలను. వాడు ఎవరి మనిషో చెప్పొద్దు. వాడికొక పేరు పెట్టండి చాలు.

దసరాకి ఊరికి పోయినప్పుడు లాప్‌టాప్‌లో ‘28 ఇయర్స్ లేటర్’ పెట్టాను. చిన్నాయనకి ఇంగ్లీషు రాదు, నేను పక్కన కూర్చుని చెబుతూ పోయాను. పరిగెత్తే జాంబీలు ఆయన్ని ఏమీ కదిలించలేదు. “మన రెడ్డి సినిమానే బాగుండె” అన్నాడు, ఒకసారి లేచి మేకలకు నీళ్ళు పెట్టి వచ్చాడు. పుర్రెల గోపురం దగ్గర మాత్రం ఆపమన్నాడు.

“ఈయప్ప ఎవురెవురివి పెడతాండాడు?”

“అందరివీ. కరిసినోళ్ళవీ, సచ్చినోళ్ళవీ.”

“లెక్క తప్పకుండానా?”

“తప్పకుండానే అనుకుంటా.”

చాలాసేపు తెర వైపే చూశాడు. తర్వాత రెండు పేర్లు చెప్పాడు. ఒకటి మా పక్క ఊరి పేరు కలిపి, ఇంకొకటి ఇంటిపేరుతో సహా. ఆ రెండు పేర్లూ మా ఇంట్లో నేనెప్పుడూ వినలేదు. వాళ్ళు మీ వైపు మనుషులా, అవతలి వైపా అని అడుగుదామని నోటిదాకా వచ్చింది. అడగలేదు. ఆయనా చెప్పలేదు.

“పెట్టు మళ్ళీ,” అన్నాడు. పెట్టాను. సినిమా అయిపోయాక ఆ డాక్టరు ఇంకో భాగంలో వస్తాడా అని అడిగాడు. వస్తాడు, జనవరిలో అన్నాను.